జయశీలమ్మ శనివారం తూకం

మదనపల్లెలో మా కాలేజీకి ఒక వైద్యం గది ఉండేది. అందులో ఒక బల్ల, మందుల బీరువా, మిషన్ ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన నర్సు జయశీలమ్మ. 1974లో నేను సోమల నుంచి బి.ఏ.లో చేరేనాటికి ఆమె వచ్చి ఏడాదయింది. ఆ ఏడాదిలో గడప తొక్కిన విద్యార్థులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరవతల క్షయ ఆసుపత్రి ఉండడంతో మా పల్లెటూరి బుర్రలకు నర్సు అంటే క్షయే. ఆ గదిలోంచి వస్తూ కనబడినవాడి పక్కన హాస్టల్లో ఎవడూ కూర్చుని తినడు.

ఇంకొకరైతే హాయిగా జీతం తీసుకుంటూ స్వెట్టరు అల్లుకునేవారు. జయశీలమ్మకు అది చేతకాలేదు. వేరుశనగ మండీలో బతిమాలి పాత కాటా ఒకటి తెప్పించి, శనివారం మధ్యాహ్నాలు కాలేజీ వరండాలో పెట్టించింది. మూటలు తూచే కాటా మీద మనుషులు ఎక్కడం మాకు మహా సరదా. "ఎక్కప్పా, నువ్వెన్ని మూటలుండావో సూద్దాం" అని పిలిస్తే లెక్చరర్లు కూడా వరసలో నిలబడ్డారు. ప్రతివాడి బరువూ ఆమెకు గుర్తే. తగ్గినవాడిని తర్వాత ఏదో పని చెప్పి విడిగా పిలిచేది. ఎందుకు పిలిచిందో పక్కవాడికి తెలిసేది కాదు.

ఆ చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి చేను దున్నమంటారని భయం. రెండు శనివారాలు తప్పించుకున్నాను. మూడోసారి ఆమె పేరు పెట్టి పిలిచింది. నేనేం తక్కువవాణ్నా, జేబుల నిండా గులకరాళ్లు పోసుకుని కాటా ఎక్కాను. బరువు పెరిగింది.

ఆమె కాటా చూడలేదు, నా మొహం చూసింది. అందరూ వెళ్లాక మెల్లగా అడిగింది.

"వెంకటమునీ, రాళ్లు యాల మోస్తాండావు?"

నాకు ఏడుపొచ్చింది. "క్షయ అని తెలిస్తే నా సదువు పోతాది సిస్టరమ్మా."

"మందు తినకపోతే సదువుతో పాటు నువ్వూ పోతావు. పంతొమ్మిదేండ్లప్పుడు నాకూ వచ్చె. ఊరవతల ఆ క్షయ ఆసుపత్రిలోనే ఏడాదిన్నర ఉంటిని. ఇప్పుడు సూడు, నీలాంటోళ్లను ఇద్దర్ని ఎత్తుకుంటా."

ఎక్స్‌రేలో క్షయే అని తేలింది. మూడు నెలలు ఆసుపత్రి, తర్వాత ఏడాది మాత్రలు. ప్రిన్సిపాల్ ఎదుట కూర్చుని నా హాజరు సంగతి ఆమే తేల్చింది. సోమల బస్సెక్కి వెళ్లి మా నాన్నతోనూ ఆమే మాట్లాడింది. "మీవోడు సచ్చేవోడు కాదప్పా, పాసయ్యేవోడు" అందట. మా నాన్న సరేనన్నాడు.

తిరిగి వచ్చాక ఒక శనివారం, వరసలో వందమంది ఉండగా నేను కాటా ఎక్కాను. ఆమె నన్నేమీ అడగలేదు. నేనే అందరికీ వినబడేలా చెప్పాను.

"నాకు క్షయ వచ్చింది. సిస్టరమ్మ దగ్గరికి పోతే బాగయింది. ఇప్పుడు యాభై ఎనిమిది కిలోలు ఉండాను."

చెప్పి, దిగకుండా కాటా మీదే నిలబడ్డాను. ఒక్కడూ నవ్వలేదు. నా జన్మలో అంత గర్వపడింది అప్పుడే.

సోమవారం మొదటి గంట కొట్టకముందే ఆ గది గుమ్మంలో తొమ్మిది జతల చెప్పులున్నాయి. వాళ్లను ఎవరూ పిలవలేదు. కూర్చోవడానికి చోటు చాలక, జయశీలమ్మ పక్క క్లాసు నుంచి నా చేత బెంచీ మోయించింది.