నూలుపోగు పట్టిచ్చిన చక్రం

నా చిన్నప్పుడు మా ఇంటికి కారొచ్చిన రోజు కంటే, ఆ కారు నేలకు దిగిన రోజే నాకు ఎక్కువ యాదికుంది. మాది సిద్దిపేటల మగ్గం నేసే ఇల్లు. బాపు భివండిల సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేస్తుండె. ఇంట్ల తాత, అమ్మ, నేను, రెండేండ్ల తమ్ముడు, బాపుకు తమ్ముడైన మా చిన్నాయిన ఉండేటోళ్లం. చిన్నాయిన కొన్నేండ్లు బొంబాయిల ఉండి వచ్చి, ఒక పాత కారు కొని కిరాయికి తిప్పుతుండె.

బొంబాయిల నేలకు ఆనినట్టు పోయే కార్లు చూసొచ్చిండు గద, ఆయనకు మా కారు నిక్కి నిలబడ్డట్టు కనిపించేది. ఒకనాడు ట్రాక్టర్ ట్రాలీలు అతికే వెల్డింగ్ షాపుకు తీస్కపోయి, ముందు చక్రాల మీది స్ప్రింగులను గ్యాసు పెట్టి రెండేసి చుట్లు కోయించిండు. కారు ముందుకు వంగింది. వాడకట్టంత వచ్చి మెచ్చుకుంటుంటే నేను మస్తు మురిసిన. తాత మాత్రం కారు చుట్టు తిరిగి, "చక్రాలు లోపలికి వాలినయి గదరా" అన్నడు. చిన్నాయిన నవ్విండు. మగ్గం తప్ప తాతకేం తెలుసని మేమంత అనుకున్నం.

వారం గడవకముందే, ఆదివారం పూట, హుస్నాబాద్ తొవ్వల ఒక ఊరికి కిరాయి తగిలింది. నేను సుత వస్తనని ఏడ్చి ఎక్కిన. కిరాయోళ్లను దింపి తిరిగొస్తుంటే ఒక మలుపు కాడ ఎడమ చక్రం గుంతల పడ్డది. పెద్ద గుంతేం కాదు, సైకిలోళ్లు సుత దాంట్లకెల్లే పోతరు. కాని కారు ఒక్కసారి ఎడమకు తిరిగింది. చిన్నాయిన తిప్పలే. ఆయన చేతులు నాకు కనిపిస్తనే ఉన్నయి, స్టీరింగ్ కదలలే. ముందర ఒడ్డు కట్టని వ్యవసాయ బావి. ఆయన బ్రేకు గట్టిగ తొక్కితే కారు బావి అంచున ఆగింది. రాలిన మట్టిపెళ్లలు నీళ్లల పడ్డ సప్పుడు చాలాసేపటికి వినవచ్చింది.

చిన్నాయిన కారు వెనక్కి తీసిండు. మెల్లగ నడుపుకుంట వచ్చిండు. బస్టాండు కాడ నాకు సోడా ఇప్పించి, "ఇంట్ల చెప్పకు బిడ్డా, గాబరా పడతరు" అన్నడు. సరే అన్న. పెద్దమనిషి నన్ను నమ్మి ఒక మాట దాచుమన్నడంటే నాకు గొప్పగనే అనిపించింది.

ఆ గొప్ప ఇంటికి రాంగనే పోయింది. ఎందుకంటే ఆ శుక్రవారమే మేమంత అదే కార్ల హుస్నాబాద్ పోవాలె. అక్కడ అమ్మ పుట్టింటోళ్లు ఆమెకు ఒడిబియ్యం పోస్తమన్నరు. కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లె పోసి ఆడబిడ్డను సాగనంపే వేడుక అది. అమ్మ దానికోసం ఏండ్లసంది ఎదురుచూస్తుంది. ముందు సీట్ల తమ్మున్ని ఒళ్లె పెట్టుకొని దర్జాగ పోతనని వాడకట్టుల అందరికి చెప్పుకుంది. అదే తొవ్వ, అదే మలుపు. ఆమె చీరలు మడతపెడుతుంటే నేను లేచి బయటికి పోతుంటి. అన్నం పోకపాయె. అమ్మ నాకు దిష్టి తీసింది. చెప్తే చిన్నాయినను తిడతరు, నాతోని ఆయన మాట్లాడడు. చెప్పకపోతే ఏమైతదో ఆలోచించనీకె నాకు ధైర్యం చాలలే. ఆయన మాత్రం ఈలేసుకుంట కారు తుడుస్తుండె. ఇప్పుడనిపిస్తది, ఆయనకు నాకన్న ఎక్కువ భయం ఉండె. ఒప్పుకునేటందుకే నోరు రాలే.

గురువారం టైరుల గాలి దిగిపోతే కారును పక్క గల్లీల చాచా షెడ్డుకు తీస్కపోయిండు. అన్నానికి పిలుచుకరమ్మని అమ్మ నన్ను పంపింది. చాచా లారీల నుంచి జీపుల దాక అన్నీ చూసిన మెకానిక్, నెమ్మదిగ మాట్లాడే మనిషి. నేను పొయ్యేసరికి విప్పిన టైరు లోపలి అంచును అరచేత్తోని తడిమి చూస్తుండు. బయటికి కొత్తదాని లెక్కనే ఉన్న టైరు, లోపలి దిక్కు నున్నగ అరిగి తీగలు తేలినయి.

"కారు ఎక్కడన్న దానంతట అది తిరిగిందా?" అని అడిగిండు.

"లేదు చాచా" అన్నడు చిన్నాయిన.

చాచా నా దిక్కు చూసిండు. అడగలే, ఉత్తగ చూసిండు. "బావి మీదికి పోయింది. చిన్నాయిన తిప్పలే, అదే పోయింది" అన్న. చిన్నాయిన నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలే. దానికన్న రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

చాచా టైరు పక్కకు పెట్టి లేచిండు. తాతను గట్టి నూలు తీస్కొని రమ్మని నన్ను పంపిండు. టైరు ఎక్కించి, ముందు చక్రాలు సులువుగ తిరిగేటట్టు వాటి కింద గ్రీజు పూసిన రేకులు పెట్టిండు. స్టీరింగును తువ్వాలతోని సీటుకు బిగించి కట్టిండు. వెనక చక్రం నుంచి ముందు చక్రం పక్కపొంటి పోగును లాగి, ఒక కొస తాతకు, ఒక కొస నాకు ఇచ్చిండు. అప్పుడు చిన్నాయినను పిలిచి, "నువ్వే బానెట్ మీద కూసో. కూసొని చక్రాన్ని చూడు" అన్నడు.

చిన్నాయిన ఎక్కి కూసున్నడు. కారు ముందుభాగం కిందికి దిగింది. లోపల ఎవ్వరు లేరు, స్టీరింగు కట్టేసి ఉంది. అయినా చక్రం మెల్లగ పక్కకు తిరిగి పోగును నెట్టింది. అది బిగుసుకునుడు నా వేళ్లకు తెలిసింది. ఆయన దిగితే చక్రం తన జాగకు వచ్చింది, ఎక్కితే తిరిగింది. పట్టపగలు, ఎండల, నా ఒళ్లు జలదరించింది.

"స్ప్రింగు కోసినవు, కారు దిగింది" అన్నడు చాచా. "చక్రాన్ని మోసే చెయ్యి ఒక తీరుగ ఊగుతుంది, తిప్పే కడ్డీ ఇంకో తీరుగ ఊగుతుంది. గుంత తగిలినప్పుడల్ల రెండు కొట్లాడి చక్రాన్ని గుంజుతున్నయి."

ఇంత చూసినంక సుత చిన్నాయిన, "రేపొక్కరోజు పోయొస్త చాచా, వదినకు మాటిచ్చిన" అన్నడు. చాచా పానా అందుకొని కారు కిందికి దూరి, ఆ కడ్డీలు రెండు ఊడదీసి తన పెట్టెల పడేసుకున్నడు. "ఇగ తీస్కపో" అన్నడు.

చాచా పని కాలేదని చిన్నాయిన ఇంట్ల చెప్పిండు, బావి మాట తాతకు సుత తెల్వది. శుక్రవారం బస్సుల పోయినం. సమయానికి పని చెయ్యని మనిషని అమ్మ తొవ్వంత చాచాను సణుగుతనే ఉంది. చిన్నాయిన తలొంచుకొని ముందు సీట్ల కూసున్నడు, నిజం చెప్పలే. మలుపు కాడ బస్సు అదే గుంతల పడి ఊగింది. కిటికీల నుంచి చూస్తే, బావి అంచు దాక మా కారు చక్రం గీసిన చార ఇంకా అట్లనే ఉంది. నేను అమ్మ గదువ పట్టి అటు తిప్పి, "అమ్మా, మొన్న మన కారు ఆ బావి అంచు దాక పోయింది" అన్న. అమ్మ ఆ చారను చూసింది. చిన్నాయిన వీపును చూసింది. తమ్మున్ని రొమ్ముకు గట్టిగ హత్తుకుంది. ఒళ్లె బియ్యం పోస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. పుట్టింటి మీది ప్రేమని అందరనుకున్నరు.

తర్వాత చాచా నాలుగు రోజులు పనిచేసిండు. కారును పైకి లేపలే. ఆయన మోజు ఆయనది, ఉండనీ అన్నడు. లేతు మిషను కాడ ఇనుప దిమ్మెలు చేయించి కడ్డీల కొసలను సరైన ఎత్తుకు తెచ్చిండు, వాలిన చక్రాలను సన్నటి రేకులు పెట్టి నిలబెట్టిండు. చిన్నాయినను ఇంకోసారి బానెట్ మీద కూసోబెట్టిండు. ఈసారి పోగు నా వేళ్ల నడుమ కదలలే.

మొన్న మా చిన్నకొడుకు సుత కారును దింపించుకొని వచ్చిండు. కడ్డీలు సరిచేయించినవా అని అడిగితే, ముసలిదానికి ఇయన్ని ఎట్ల తెలుసని నోరు తెరిచిండు. చేయిస్తనన్నడు, గాని నీ కోడలికి చెప్పకు అన్నడు. ఆ మాట అయిపోకముందే నేను వంటింట్లకు పోయి కోడలికి చెప్పిన. నాకు చాడీకోరని పేరుంది మా ఇంట్ల, ఏ మాటా కడుపుల దాగదంటరు. అననియ్యి. ఒక్కసారి ఐదు దినాలు దాచిన, ఆ పాపమే నాకు చాలు.