ఇరవై అక్షరాల చోటు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, పద్మారావు నగర్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, పక్కన మనవరాలు లాప్‌టాప్ ముందేసుకుని విసుక్కోవడం వినిపించి తలెత్తి చూశాను. కాలేజీలో ఏదో జావా ప్రోగ్రామ్ ఇచ్చారట. నల్లటి తెరమీద పేర్లు ఒక వరుసలో, మార్కులు ఒక వరుసలో రావాల్సింది పోయి, పొడుగు పేరు వచ్చిన చోటల్లా అంకెలు పక్కకి జరిగిపోయి వంకరటింకరగా ఉన్నాయి. అది చూడగానే నా కుడిచేతి బొటనవేలు దానంతటదే తొడమీద స్పేసులు కొట్టడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ వేలికి బుద్ధి రాలేదు.

మీలో టైపు హయ్యరు పరీక్ష ప్యాసైన వాళ్ళుంటే, ఖాళీల మీట కొట్టే ఈ బొటనవేలి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నిలువు వరుసలతో స్టేట్‌మెంటు కొట్టాలంటే ముందు ప్రతి వరుసలోనూ అన్నిటికంటే పొడుగు మాట ఏదో వెతికి, దాని అక్షరాలు లెక్కపెట్టి, మిగిలిన ఖాళీని సమంగా పంచుకుని, ఆ తర్వాతే మొదటి మీట నొక్కేవాళ్ళం. విజయనగరంలో నేర్చుకున్న ఆ విద్యే పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చాక నాకు అన్నం పెట్టింది. మోండా మార్కెట్ వెనక ఒక మందుల పంపిణీ ఆఫీసులో ఇద్దరం టైపిస్టులం ఉండేవాళ్ళం, నేనూ, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన అక్కా. అక్క అంటే తోడబుట్టింది కాదు, ఇక్కడి మనిషి. సీతాఫల్‌మండిలో మా పక్క సందులోనే ఇల్లు.

ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన ఏడే మావారు పోయారు. అమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఆ రోజుల్లో నాకు ఏడుపూ రాలేదు, మరేమీ అనిపించనూ లేదు. పన్ను పీకించుకోవడానికి మత్తు ఇస్తే బుగ్గ మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలాగే ఉండేదాన్ని. అలాంటప్పుడు మేనేజరు పిలిచి, ఇద్దరూ నెల రోజులు సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోండి, చివర పరీక్ష పెడతాం, బాగా చేసినవారు ఇక్కడే, రెండోవారు నిజామాబాద్ గోడౌన్‌కి అన్నాడు. నేను పిల్ల బడి మాన్పించి వెళ్ళాలి. అక్కకైతే ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారు, వెళ్ళడమంటే ఉద్యోగం మానుకోవడమే.

నేర్పడానికి వచ్చిన మాస్టారు మంచివాడే. పరీక్షలో మందు పేరు, బ్యాచి నంబరు, సీసాల లెక్క తెరమీద వరుసలుగా రావాలన్నాడు. అక్క నవ్వి, "గింతేనా? చేతి ఏళ్ళమీద లెక్కవెడ్తే అయిపోతది," అంది. ఇద్దరం టైపిస్టు బుద్ధే చూపించాం. పేరు పొడుగును బట్టి దాని పక్కన ఎనిమిదో ఆరో స్పేసులు లెక్కపెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య కొట్టి పెట్టాం. వరుసలు తీగ లాగినట్టు వచ్చాయి, మా గొప్పకి మేమే మురిసిపోయాం.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం అక్క అత్తగారి మందుల కోసం బయటికి వెళ్ళింది. నాకెందుకో అనుమానం వచ్చి, రేపు ఇంకా పొడుగు పేరిస్తే మా స్పేసులు ఏమవుతాయని మాస్టారిని అడిగాను. ఆయన ఒక్క మాట చూపించాడు, సెట్‌డబ్ల్యూ. దాని పక్కన బ్రాకెట్లో ఇరవై వేస్తే, వచ్చే పేరు ఐదక్షరాలైనా పదిహేనైనా దానికి ఇరవై అక్షరాల చోటు అట్టేపెట్టి ఉంటుందిట. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటారు చూడండి, అదే ఇది అన్నాడు. "ఆవిడకీ చెప్పండి మేడమ్, నాకు వేరే క్లాసుంది," అని వెళ్ళిపోయాడు. నేను తలూపాను.

ఇప్పుడు సిగ్గు విడిచి చెబుతున్నాను. సాయంత్రాలు ఇంటికెళ్ళేప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మా బస్సు ఆగీ ఆగకముందే, అక్క జనంలోంచి చెయ్యి చాపి ముందు కిటికీలోంచి తన నీలం గళ్ళ కర్చీఫ్ విసిరి నాకూ చోటు ఆపేది. మావారు పోయినప్పటినుంచీ ఒక్కరోజు తప్పలేదు. ఆ సాయంత్రమూ ఆపింది. ఆ సీట్లో కూర్చుని, అక్క చెప్పే అత్తగారి ముచ్చట్లకి ఊఁ కొడుతూ సీతాఫల్‌మండి దాకా వచ్చాను. చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోవడం, గుండె కొట్టుకోవడం, అలాంటివేవీ జరగలేదు. ఊరికే చెప్పలేదు. మేనేజరుని గానీ, మాస్టారిని గానీ తప్పుపట్టడానికి లేదు, అది నా పనే.

మర్నాడు పరీక్షలో మాస్టారు మా ఇద్దరి ప్రోగ్రాముల్లోనూ చిన్న పేరొకటి తీసేసి బారెడు పేరు పెట్టాడు. అక్క తెరమీద ఆ పేరు పక్కన అంకెలన్నీ కుడివైపుకి జరిగిపోయాయి. సెట్‌డబ్ల్యూ పెట్టిన నాది కదల్లేదు. అక్క తన తెర చూసుకుని, నా తెర చూసి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ సాయంత్రం నేను కావాలనే వెనకబడ్డాను గానీ, బస్సెక్కేసరికి కర్చీఫ్ ఉంది. "కూసో," అంది. దారిలో ఎప్పుడు నేర్చుకున్నావని అడగలేదు. దిగేముందు మాత్రం, "మంచిగనే అయింది లే, నీకు పిల్ల ఉన్నది గద," అంది. తెలిసి అందో, తెలియక అందో నాకు ఇప్పటికీ తెలియదు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఒకే వీధిలో కూరలు కొనేవాళ్ళం, ఎదురుపడలేక నేనే ఇల్లు మార్చేశాను.

ఇప్పుడు మోండా వైపు వెళ్ళాలంటే అమ్మాయి ఫోన్లోనే ఆటో పిలుస్తుంది. కిటికీల్లోంచి కర్చీఫులు వేసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమో, నేనైతే చూడలేదు. ఒకరి చోటు ఇంకొకరు ఆపవలసిన అవసరం మెల్లగా పోయింది, బహుశా మంచికే. మనవరాలితో, పేరుకి ముందే చోటు కేటాయించే మాట మీ జావాలోనూ ఏదో ఉంటుంది చూడమ్మా, పేరు పొట్టైనా పొడుగైనా అంకె కదలదు అన్నాను. వెతికి ప్రింటెఫ్ అంది, పర్సెంటు గుర్తు, మైనస్, ఇరవై, ఎస్ అని ఏవో కొట్టింది, వరుసలన్నీ సర్దుకున్నాయి. నీకెలా తెలుసు అమ్మమ్మా అంటే చిక్కుడుకాయల చేట దగ్గరికి లాక్కున్నాను.

ఆ కిటుకు ఆ పిల్లకి చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ సాయంత్రం అక్క పక్కన కూర్చుని స్టేషన్‌నుంచి సీతాఫల్‌మండికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.