కాకి బొమ్మ వెనక పేజీ

పోయిన ఏడాది మదనపల్లెలో ఒక పాత పేపర్ల అంగట్లో నాకొక కాలేజీ వార్షిక సంచిక దొరికింది. అట్ట లేదు, వెన్ను చెదలు తినేశాయి. లోపల ఒక పేజీలో కళ్లజోడు పెట్టుకుని టైపు మిషన్ మీద కూర్చున్న కాకి బొమ్మ. ఎవరు వేశారో పేరు లేదు. ఇలాంటి వింత బొమ్మలు పోగుచేయడం నా పిచ్చి. పాత వారపత్రికలు, స్కూలు సావనీర్లు, కాలేజీ సంచికలు ఎక్కడ కనిపించినా అక్కడే కూర్చుని తిరగేస్తాను. ఆ రోజూ ఎప్పట్లాగే కత్తెర తీసి, కాకిని అంచు వెంబడి కత్తిరించుకుని, మిగతా పుస్తకం అంగట్లోనే వదిలేశాను. రూముకి వచ్చి మైదా జిగురుతో ఆల్బంలో అంటించి, ఫోటో తీసి ఈ బ్లాగులో పెట్టాను. మీలో చాలామంది నవ్వారు. పదిహేను రోజుల కిందట కుప్పం నుంచి హేమ అనే అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అక్కా, ఆ కాకి వెనక మా మామ ఫోటో ఉండాలంట. ఆయన సచ్చిపోయినాడు. వేరే ఫోటో లేదు. మా అమ్మ అడుగుతాండాది." ఆల్బం తీసి ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టాను. కాకి పొట్ట వెనక చొక్కా కాలరు నీడలాగా కనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా "ఉంది, తెచ్చిస్తాను" అని రాసేశాను.

శనివారం ఉదయం ఐదింటికి బెంగళూరులో బస్సెక్కితే చింతామణి మీదుగా ఎనిమిదిన్నరకి మదనపల్లెలో దిగాను. అదే సంచిక ఇంకో ప్రతి దొరికితే నా తప్పు ఎవరికీ తెలియకుండా పోతుందని ఆశ. అంగడి తొమ్మిదికి తీస్తారు. యజమాని రెడ్డెప్పకి నేను గుర్తే. "ఏం కత్తెరమ్మా, బొమ్మలన్నీ కోసుకోనిపోతివి. ఇంకేం మిగిలుండాదని వచ్చినావు?" అన్నాడు. సంగతి చెప్పాను. కాటా మీద కట్టలు పెట్టడం ఆపకుండానే విన్నాడు. "ఇంకో బుక్కా? ఆ ఒకటి దొరికిందే ఎక్కువ. నువ్వు పారేసి పోయింది మిల్లుకి ఎయ్యలేదులే. అట్లాంటి నున్నటి కాగితం పుంగనూరు సరోజమ్మకి పోతాది. మందుల అంగళ్లకి కవర్లు చేస్తాది. ఏడాదాయె. ఈ పాటికి ఎవురి మాత్రలకి సుట్టినారో." అడ్రసు మాత్రం పాత రసీదు వెనక రాసిచ్చాడు.

మదనపల్లె నుంచి పుంగనూరుకి గంట ప్రయాణం, బస్సులు తరచుగా ఉంటాయి. ఆంధ్రా అడ్రసున్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. సరోజమ్మ ఇల్లు బస్టాండు నుంచి పది నిమిషాల నడక. ఆమె గడపలో కూర్చుని కవర్లు మడుస్తోంది. పక్కన గిన్నెలో నేను వాడే మైదా జిగురే, కాకపోతే పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి నీలంగా ఉంది. కాలేజీ పుస్తకం అనగానే, "దాంట్లో సచ్చిపోయినోళ్ల ఫోటో ఉండిందా?" అని అడిగింది. ఉందన్నాను. "అట్లయితే కోసుండను తల్లీ. మాత్రలు తినేటోళ్ల చేతికి సచ్చినోళ్ల మొగం ఇస్తారా ఎవురన్నా?"

అటక మీది నుంచి రెండు బియ్యం సంచులు దింపించింది. ఒకదాని నిండా దేవుళ్లు. రెండోదాని నిండా నల్ల అంచుల పేజీలు, దండలేసిన ఫోటోలు. "దేవుళ్లని నీళ్లల్లో కలిపేస్తా. వీళ్లని ఏం చెయ్యాల్నో తెలీక ఎత్తిపెడతాండా." గంటన్నర వెతికాక ఆ పేజీ దొరికింది. పైన 'అశ్రునివాళి', కింద వెంకటేశు, బి.కాం. రెండో సంవత్సరం. నడుమ కాకి ఆకారంలో రంధ్రం. సరోజమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "ఎలుక ఇంత సక్కగా కొరకదు. ఎవురమ్మా కోసింది?"

"నేనే."

ఆమె లేచింది. చేతులు కడుక్కుని వచ్చి, పేజీని రెండు అట్టల మధ్య పెట్టి దారంతో కట్టిచ్చింది. డబ్బులు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

పుంగనూరు నుంచి పలమనేరు ముప్పావుగంట. అక్కడ బస్టాండు ఎదురుగా సంగటి తిని, వి.కోట మీదుగా కుప్పం బస్సెక్కితే ఇంకో రెండు గంటలు. నాలుగున్నరకి దిగేసరికి హేమ బస్టాండులో నిలబడి ఉంది. వాళ్లమ్మ మునిలక్ష్మమ్మ స్కూల్లో ఆయాగా పనిచేస్తోంది. ఆమె తమ్ముడు వెంకటేశు పందొమ్మిదేళ్లకి కామెర్లతో పోయాడు. కూలిపనుల ఇల్లు, వాడి ఫోటో ఒకటే ఉంటే సంచికలో వేస్తామని కాలేజీవాళ్లు తీసుకున్నారు, మళ్లీ రాలేదు. ఇంట్లో ఉన్న సంచిక ఒక వానాకాలం కప్పు కారి నానిపోయింది.

"ఆ కాకిని యాల మర్సిపోతా? వాడిని సూసి ఏడుపొస్తే పేజీ తిప్పేసేదాన్ని. తిప్పితే ఇదే," అంది మునిలక్ష్మమ్మ. తర్వాత మెల్లగా, "ఇప్పుడు వాడి మొగం నాకు గ్యాపకం రాకుండా పోతాండాది," అంది.

పేజీ ఇచ్చాను. ఆమె రంధ్రంలోంచి తన అరచేతిని చూసుకుంది. ఆల్బం తెరిచి, అంటించానని చెప్పాను. హేమ తలవంచుకుంది. మునిలక్ష్మమ్మ లేచి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి పాత చీర గుడ్డ తెచ్చింది. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఆగి, గోటితో అంచు ఎత్తాను. కాకి చక్కగా వచ్చేసింది. వెనక మాత్రం కొంచెం జుట్టు, ఒక చెవి, కాలరు. మిగతా ముఖం పొరలా చీలి ఆల్బం అట్టకే ఉండిపోయింది.

"పిండం తినాల్సిన కాకి, మనిషినే తినేసె," అంది మునిలక్ష్మమ్మ. నవ్వలేదు.

తడిగా ఉన్నంతసేపూ అట్ట మీద ఆ ముఖం తిరగేసినట్టు, బూడిదరంగులో కనిపించింది. ఫ్యాన్ ఆపమని, గబగబా ఫోన్‌లో ఫోటో తీసి, కుడి ఎడమలు మార్చి చూపించాను. జిగురు మందంగా పడిన చోట కళ్లు లేవు. గడ్డం ఉంది, పెదవులు ఉన్నట్టున్నాయి. ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది వాడేనా అమ్మా?"

నేను వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. హేమా చూడలేదు. అడగడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. అట్ట ఆరిపోయేసరికి తెల్లటి మచ్చ మిగిలింది.

కాకిని అక్కడే వదిలేసి వస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "అది నువ్వే ఎత్తుకోనిపో," అంది. కుప్పం నుంచి బెంగళూరుకి సాయంత్రం రైళ్లున్నాయి, రెండు గంటల పైన పడుతుంది. కిటికీ పక్కన కూర్చుని ఆల్బం మొదటి నుంచి తిప్పాను. రెండువందలకి పైగా బొమ్మలు, అన్నీ గట్టిగా అంటించినవే. ఒక్కదాని వెనక కూడా ఏముందో నాకు తెలియదు. ఇన్నాళ్లూ పారేయబోయేవాటిని కాపాడుతున్నాననుకున్నాను. కవర్లు మడిచి బతికే సరోజమ్మ కోసే ముందు చూసింది, నేను చూడలేదు.

మీరూ పాత పుస్తకాల కోసం ఆ దారిన వెళితే బస్సుకి ఆధార్ కార్డు పెట్టుకోండి, కత్తెర మాత్రం ఇంట్లో వదిలేయండి. బొమ్మ నచ్చితే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, పుస్తకం మొత్తం కొనుక్కోండి. ముందుగా పేజీ తిప్పి చూడండి.