సావుకారి వేయించిన కుర్చీ

భూపాలపల్లిలో మా బొగ్గు గనుల క్వార్టర్లలో మనిషి అంతస్తు తెలుసుకోవడానికి పేరు అడగనక్కర్లేదు, ఇంటి టైపు అడిగితే చాలు. ఇంజనీరుగా చేరిన కొత్తలో నాది సి టైపు ఇల్లు. బి టైపుకు మారిన వారంలోనే, అంతవరకు నన్ను చూసీ చూడనట్టు పోయే వెనక లైను ఆయన స్కూటర్ ఆపి మరీ పలకరించాడు. నాకు ఒళ్లు మండింది. మండితేనేం, నెల తిరక్కుండానే నేనూ సి టైపు వాళ్లను చూసి తల ఊపి ఊరుకోవడం నేర్చుకున్నాను. ఎవరికి కుర్చీ వేయాలి, ఎవరిని నిలబెట్టి పంపాలి అనే విద్య నాకు అక్కడే అబ్బింది.

ఆ విద్యంతా వెంటేసుకుని రెండేళ్ల కింద బాపుతో పత్తి అమ్మడానికి జనగామ పోయాను. బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో బాపుకు నాలుగెకరాల పత్తి చేను ఉంది. ఆ ఏడు పంట బాగా వచ్చింది. మంచి ధర పలికితే బోరు వేయించాలని ఆయన ఆశ. నేను వేయిస్తానంటే వినడు. తన చేనుకు తన పంటే నీళ్లు తేవాలట. మొండిఘటం!

బాపు పత్తి అమ్మే సావుకారి దుకాణంలో ఒక పద్ధతుంది. గల్లా పక్కన కుర్చీలు ఆఫీసర్లకు, తోటి వ్యాపారులకు. రైతులు తాము తెచ్చిన బస్తాల మీదే కూర్చుంటారు. బాపు ముప్పై ఏళ్లుగా అక్కడే అమ్ముతున్నాడు, ఒక్కనాడూ కుర్చీ ఎక్కలేదు. నన్ను చూడగానే సావుకారి "రాండ్రి సార్" అంటూ లేచి కుర్చీ చూపించాడు. బాపు మామూలుగా పోయి బస్తా మీద కూర్చున్నాడు. నాకసలే ముక్కు మీద కోపం.

"మా బాపు బస్తా మీదుంటె నేను కుర్చీల కూసుంటనా? ముందు ఆయనకెయ్యి" అన్నాను.

సావుకారి నొచ్చుకోలేదు. చకచకా ఇంకో కుర్చీ వేయించాడు, ఫ్యాను ఇటు తిప్పించాడు, కప్పూ సాసరూ పెట్టి చాయ్ తెప్పించాడు. అంతవరకు "ఏమయ్యా" అన్న మనిషి బాపును "మీరు" అనడం మొదలుపెట్టాడు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

బాపు బేరం ఎట్లా ఉంటుందో ఊరందరికీ తెలుసు. గుప్పెడు పత్తి తీసి, పీచు లాగి సావుకారి ముక్కు ముందు పెడతాడు. తేమ ఉందంటే నీ కండ్లల్లనే ఉందంటాడు. ధర నచ్చకపోతే లేచి, బస్తాలు మళ్లీ ఆటోలో ఎక్కించమంటాడు. అట్లా మూడుసార్లు లేస్తే గాని ఆయన బేరం తెగదు.

ఆ రోజు ఒక్కసారి కూడా లేవలేదు. కుర్చీ అంచున ఒదిగి కూర్చుని, కప్పు ఒలకకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. సావుకారి నా ఉద్యోగం అడిగాడు, పిల్లల చదువు అడిగాడు. అదే మెత్తటి గొంతుతో పత్తిలో తేమ ఎక్కువుందంటూ నిరుటికన్నా తక్కువ ధర చెప్పాడు.

"మీ ఇష్టం" అన్నాడు బాపు.

నేనైనా నోరు విప్పొద్దా? విప్పలేదు. అంత మర్యాద చేసినవాడితో గీచి గీచి బేరమాడటం నాకే నామోషీ అనిపించింది.

బస్టాండులో, చూసినవా బాపూ ఎంత మర్యాద చేసిండో అన్నాను, సిగ్గులేకుండా. బాపు అన్నాడు:

"బస్తా మీద కూసుంటె ఆయన నన్ను నువ్వు అంటడు, నేనాయన్ను నువ్వు అంట. లేశిపోత అంటె బెదురుతుండె. కుర్చేశి, చాయ్ తాపి, మీరు అన్నంక నా నోరెట్ల లేస్తది?"

బోరు సంగతి అడిగాను. ఈ ఏడు కాదన్నాడు. పోదాం పద, నేను మాట్లాడతానని లేచాను. కూర్చోమన్నాడు. తూకం అయిపోయిందట, ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోడట.

"వచ్చే యేడు నేనొక్కన్నే వస్త. నువ్వు రాకు కొడుకా" అన్నాడు.

నాకు ఉద్యోగమొచ్చిన నాడు ఇల్లిల్లూ తిరిగి మిఠాయి పంచిన మనిషి ఆయన. నేను సరేనన్నాను.