మందుచీటీలో సంగటి

ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేస్తాడు. గుంత మగ్గం. కాళ్లు గుంతలోకి జారవిడిచి, కింద కర్రలు తొక్కుతూ నెయ్యాలి. కుడికాలి బొటనవేలి మీద లేచిన పుండు నెల దాటినా మానకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. చక్కెర జబ్బు ముదిరిందని డాక్టరమ్మ మాత్రలు రాసి, వాటి కిందనే ఇంకో వరుస రాసింది: అన్నం పూర్తిగా మానాలి, రెండు పూటలా రాగి సంగటి, ఆకుకూర. చక్కెర దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని నోటితో చెప్పింది. వేలితో ఆగుతుందని మాత్రం చెప్పలేదు. కాలు పోతే మగ్గం పోయినట్టే.

బయటికొచ్చాక నాయన ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సంగటి గూడా మందులంగట్లో ఇస్తారా ఏంది? చిన్నప్పుడు బియ్యం కొనే గతి లేక తింటిమి. ఇప్పుడు ఫీజు కట్టించుకోని అదే తినమంటాది. ఈయమ్మకు రాగులంగడితో పొత్తేమన్నా ఉండాదేమో కనుక్కో పాపా."

నాకూ ఆ అనుమానం రాకపోలేదు. ఆసుపత్రికి ఎదురుగానే చిరుధాన్యాల అంగడి ఉంది మరి! అక్కడ కొనలేదు. పంతానికి సంతలో రాగులు కొని, మరలో ఆడించి, పిండి అమ్మ చేతికిచ్చాను. నేను కాపురముండేది వాళ్లింటికి రెండు వీధుల అవతల.

నెలన్నర పోయాక పరీక్ష చేయిస్తే చక్కెర దిగింది అంతంత మాత్రమే. పుండు పుండులాగే ఉంది. "ఏం తింటున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. "మీరు రాసిందే" అన్నాడు నాయన. ఆమె నమ్మనట్టు నా వైపు చూసింది. అంతే, నా అనుమానం రాగులంగడిని వదిలేసి నాయన మీద పడింది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఉతుకుతానని చొక్కాలు తెచ్చుకుని జేబులు తడిమేదాన్ని. టీ అంగడాయన్ను నిలదీశాను.

"ఈ మధ్య టీకే రాలేదు కదమ్మా" అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను.

ఒకరోజు జేబులో చాక్లెట్ కాగితం దొరికింది. సరాసరి మగ్గం దగ్గరికే పోయాను.

"దొంగతిండి తింటాండావు కదా నాయనా! కాలు పోతే ఎవరు చేస్తారు నీకు?"

"నీ కూతురే తినేసి, పారెయ్యమని ఇచ్చింది పాపా."

"చాల్లే, కతలు చెప్పద్దు!"

నాయన తల వంచుకుని మళ్లీ కర్రలు తొక్కసాగాడు. దొరికిపోయాడు కాబట్టే తల ఎత్తలేదనుకున్నాను. నా బుద్ధి మండ!

వేలు నల్లబడింది. ఈసారి అమ్మ కూడా మాతో వచ్చింది. డాక్టరమ్మది గుంటూరు వైపు. ఏమనుకుందో ఏమో, "ఆ సంగటి అసలు ఎలా చేస్తారమ్మా?" అని అడిగింది.

అమ్మకు సంబరం. "రెండు గ్లాసుల బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, పైన రాగిపిండి పోసి, తెడ్డుతో గెలికి ముద్దలు చేస్తా."

"బియ్యమా?"

"బియ్యం ఎయ్యకుంటే సంగటి ఎట్లయితాదమ్మా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "నేను ఉత్త పిండే అనుకున్నానండీ" అంది.

మా ఇంట్లో అన్నం మానడమంటే కంచంలో అన్నం పెట్టుకోకపోవడమే. సంగటిలో పడిన బియ్యం మాకు బియ్యం కాదు, సంగటి. చిలమత్తూరు దిక్కు ఉత్త పిండితోనే ముద్ద చేస్తారని నాకు తెలుసు. తెలిసీ, ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా అమ్మ పొయ్యి దగ్గరికి పోయి చూడలేదు.

వేలు తీసేశారు. పాదం మిగిలింది. మంచం పక్కన కూర్చుని అమ్మ ఒకటే ఏడుపు, మొగుడి కాలికి తానే చేటు చేసినానని.

"ఊరుకోవే. ఇంకా నాలుగు వేళ్లుండాయి కదా, తొక్కొచ్చు" అన్నాడు నాయన.

నాకు ఆయన ముందు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయిపోయింది నాయనా" అన్నాను.

నాయన కట్టు కట్టిన కాలిని దిండు మీదికి జరుపుకున్నాడు. 

"మీయమ్మ తెలీక పెట్టింది, నేను తెలీక తింటి" అన్నాడు. "నువ్వు మాత్రం కండ్లారా చూసినట్టే అంటివి కదా పాపా, దొంగతిండని."