ఆరు మీటల ఉత్తరం

ఆ వేసవి అంతా మా ఆవిడ ఎనిమిది వరకు లెక్కపెడుతూ గడిపింది. అబిడ్స్‌లో మా ముందుగదిలో కూలర్ ఒకే శ్రుతిలో మోగుతుండేది. కింద బస్సుల రొద మెట్లెక్కి మా దాకా వచ్చేసరికి మెత్తబడేది. ఆవిడ కుడిచేత్తో కాగితం మీద ప్రోగ్రాం రాసుకుంటూ, ఎడమచేత్తో తొడ మీద తాళం వేసేది. చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతంలో ఆవిడకు మిగిలింది ఆ తాళం ఒక్కటే. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని దానికే జోగేవాణ్ని.

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. అప్పుడు చేస్తున్నది ఆరు మీటల చిన్న కీబోర్డు. కీబోర్డూ కంప్యూటరూ మాట్లాడుకోవాలంటే యూఎస్‌బీ అనే భాష ఒకటుంది. ఖరీదైన చిప్పుల్లో ఆ భాష తెలిసిన భాగం లోపలే అమర్చి ఉంటుంది. ఆవిడ కొన్న చిప్పు చింతగింజలో సగమంత, ధరలో కప్పు చాయ్‌తో సరితూగేది. దానికి ఆ భాష రాదు. వచ్చినట్టు ప్రోగ్రాంతోనే పలికించాలి. అవతలి నుంచి వచ్చే ఒక్కో ఒకటినో సున్నానో పట్టుకోవడానికి ఆ చిప్పుకు దొరికేది దాని లోపలి గడియారం వేసే ఎనిమిది అడుగుల వ్యవధి. తొమ్మిదో అడుగు పడిందంటే మాట జారిపోయినట్టే.

ఆ కీబోర్డు మా పాత ఆఫీసు టెలిఫోన్ ఆపరేటర్ కోసం. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మా పత్రిక టెలిఫోన్ బోర్డు దగ్గర ముప్పయ్యేళ్లు కూర్చున్నాడు. ఎవరింట్లో ఏ గొడవో, ఏ వార్త ఎవరి నోటి నుంచి వచ్చిందో అన్నీ ఆయన చెవిలోంచే వెళ్లేవి. ఒక్కటీ బయటికి పొక్కలేదు. ఇప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక మేడగదిలో ఒంటరిగా ఉంటాడు. తమ్ముడు షోలాపూర్‌లో. ఇద్దరికీ మాటల్లేక చాలా ఏళ్లయింది. ఈయన గొంతు వినగానే అవతల ఫోన్ పెట్టేస్తాడు.

అప్పట్లో ఒకసారి ఆయన చెబుతుంటే తమ్ముడికి ఉత్తరం రాసిపెట్టింది నేనే. ఉప సంపాదకుడి చెయ్యి ఊరుకోదు. రెండు వాక్యాలు సర్దాను. మోటుగా ఉందనిపించిన ఇంకో వాక్యం తీసేశాను. చదివి వినిపించాక ఆయన కవరు అంటించమన్నాడు. తమ్ముడి నుంచి జవాబు రాలేదు. ఆ ఉత్తరం సంగతి ఈ వేసవిలో, మా ఇంట్లో మజ్జిగ తాగుతూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు.

"మీరు రాసింది మంచిగుండె సాబ్. గానీ అది నా ఉత్తరం గాదు."

ఫోన్‌కు చెబితే అదే రాసిపెడుతుంది కదా అన్నాను. గోడకు అటుపక్క కిరాయిదారులున్నారన్నాడు. ఈ ఒక్క ఉత్తరం ఇంకొకరి చెవిన పడకుండా పోవాలట. ఆయనకు వచ్చిన రాత బ్రెయిలీ, తమ్ముడికేమో అది చదవడం రాదు. ఆరు చుక్కల్లో ఏవేవి కలిపి నొక్కితే ఏ అక్షరమో వేళ్లకు తెలుసు. ఆరు మీటలుంటే చాలు, వాటిని తెలుగు అక్షరాలు చేసే పని కంప్యూటర్ చూసుకుంటుంది. అక్కణ్నుంచి మా ఆవిడ లెక్క మొదలైంది.

మా ఇంట్లో కీబోర్డు చక్కగా పనిచేసింది. మా ల్యాప్‌టాప్‌తో సహా నాంపల్లి తీసుకెళ్లి ఆయన ముందు పెడితే రెండు అక్షరాలకే చచ్చిపోయింది. తీగ పీకి మళ్లీ పెట్టాం. మళ్లీ రెండు అక్షరాలు, అంతే. కిటికీలోంచి ఏదో రైలు ఆలస్యమని మూడు భాషల్లో వినబడుతోంది. ఆయన మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మా ఆవిడ ఆయన వేళ్లనే చూస్తూ కూర్చుంది. బ్రెయిలీ రాసే ఇనప యంత్రం అలవాటు ఆయనది, కాగితం మీద చుక్క లేచేదాకా అదిమిపట్టాలి. ఆవిడ వేళ్లు తగిలీ తగలనట్టు పడి లేస్తాయి. తప్పు తనదేనని ఆయనకు చెప్పింది. వేళ్లన్నీ లేచేవరకూ చిప్పు ఇంకేమీ పట్టించుకోకుండా మీటలనే చూసేలా రాసిందట. ఆలోపు కంప్యూటర్ పిలుస్తూనే ఉంటుంది. ఆవిడ వేళ్లకయితే ఆ కాస్త మౌనాన్ని ఓర్చుకుంది, ఈయన వేళ్లకు ఓర్చుకోలేదు.

ఆయన నవ్వాడు.

"బోర్డు మీద గట్ల కూసుంటే మొదటి రోజే నా నౌకరీ పోతుండె చెల్లె. చేతిల ఎంత పనున్నా, బెల్లు మోగిందంటే ముందుగాల 'జర ఆగుండ్రి' అనాలె. లైనిచ్చుడు తర్వాత. పలకకుంటే బోర్డే సచ్చిందనుకుంటరు."

"అంటే, ఏమీ లేకపోయినా పలకాలంటారా అన్నయ్యా?"

"ఔ. ఏం లేదని చెప్పుడు గూడ జవాబే గద."

ఇంటికొస్తూ ఆటోలో ఆవిడ వేళ్లు తొడ మీద కదులుతూనే ఉన్నాయి. నాలుగు మధ్యాహ్నాలు మళ్లీ అదే కూలర్, అదే తాళం. మీటలు చూస్తున్న మధ్యలో పిలుపొస్తే చిప్పు అక్కడికక్కడే ఆగి, ఇప్పుడేమీ లేదని చెప్పి, వదిలిన చోటి నుంచి మళ్లీ చూడాలి. చెప్పడానికి ఇంతే. దాన్ని ఆ ఎనిమిది అడుగుల్లో ఇరికించడానికి ఎన్ని కాగితాలు పోయాయో నేను లెక్కపెట్టలేదు.

ఐదో రోజు నాంపల్లి గదిలో ఆయన ఎంతసేపు అదిమిపట్టినా కీబోర్డు చావలేదు. పది అక్షరాలయ్యాక, రాస్తున్నది తనకు చదివి వినిపించే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"సాబ్, స్క్రీన్ బంద్ చెయ్యుండ్రి."

చేశాను. మేమిద్దరం వరండాలోకి వచ్చాం. ఆ పత్రికలో నా కన్ను పడకుండా పేజీలోకి వెళ్లిన రాత ఉండేది కాదు. ఇక్కడ స్టేషన్ మీద పావురాలు లేచి వాలడం చూస్తూ నిలబడ్డాను. లోపల మీటలు ఒక్కోసారి గబగబా పడేవి, ఒక్కోసారి చాలాసేపు పడేవి కావు. ఎండ గోడ దిగి మెట్ల మీదికి వచ్చింది.

పిలిస్తే వెళ్లి, మేం మోసుకొచ్చిన ప్రింటర్‌ను ఆన్ చేశాను. కాగితం బోర్లా వచ్చింది. అలాగే తీసి ఆయన చేతికిచ్చాను. అక్షరదోషాలేమైనా ఉన్నాయేమో అని నోటిదాకా వచ్చింది. నేను ఆగడం ఆయన విన్నట్టున్నాడు.

"తప్పులుంటే ఉండనీ సాబ్. నావే గద."

తనే మడిచి, కవరులో పెట్టి, బంక అంచును బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నొక్కాడు. చిరునామా మాత్రం నన్ను రాయమన్నాడు. ఆయన చెప్పినట్టే, ఒక్క మాట మార్చకుండా రాశాను.