హత్సుయే పెట్టెలకు కాళ్లొచ్చాయి

మా కామో ఊళ్లో చెక్కపెట్టెలు చేసేవాళ్లు బోలెడుమంది. వాటికి నడక నేర్పింది మాత్రం హత్సుయే ఒక్కతే. ఆవిడ ఇంట్లో తన్సులు, అంటే పాతకాలపు సొరుగుల పెట్టెలు, వారం పాటు ఒకే గోడను అంటిపెట్టుకున్న పాపాన పోలేదు. మా రైలైనా పట్టాల మీదే వెళ్తుంది. ఈ పెట్టెలకు ఆ కట్టుబాటు కూడా లేదు.

మొన్న మేజోళ్లున్న చోట నిన్న టీ కప్పులుండేవి. భోజనానికొచ్చిన చుట్టాలు సోయా సాస్ అడిగితే కాసేపు ఆలోచించి, అది ఈ వారం పడకగదిలో కాపురముందని చెప్పేది. ఒకసారి ఆవిడ పిల్లి కునుకు తీసి లేచేసరికి గదే మారిపోయింది. పాపం అది ఇల్లు తప్పాననుకుని వీధంతా వెతుక్కుంది. నమ్మనివాళ్లు పిల్లినే అడగండి.

ఇంత చాకిరీకీ ఆవిడ పిలిచేది పక్కింటి సుగాయా ఒక్కడినే. భార్య పోయాక ఆయన తలుపేసుకుని, టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూస్తూ కూర్చునేవాడు. కొన్ని రోజులు తన గొంతు కూడా తను వినేవాడు కాదు.

"సుగాయాగారూ, నా నడుం పడిపోయింది. రెండో చెయ్యి కావాలి," అంటూ హత్సుయే తలుపు బాదేది.

ఈవిడకు పనీపాటా లేదని గొణుగుతూ వెళ్లి, ఆయన పెట్టెకు ఓ వైపున్న ఇనపకడియం పట్టుకునేవాడు. పెట్టె జరిగాక ఎలాగూ వచ్చారు కదా అని మిసో సూపు, అన్నం, ముల్లంగి ఊరగాయ పెట్టేది. పిలుపు రాని రోజున ఆయన పొయ్యి వెలిగించేవాడే కాదు.

ఓ మంచు రోజు మధ్యాహ్నమైనా పిలుపు రాలేదు. ఉండబట్టలేక ఆయనే వెళ్లాడు. ఓరగా ఉన్న తలుపులోంచి చూస్తే, నిన్న ఇద్దరూ కలిసి జరిపిన పెట్టెను హత్సుయే ఒక్కతే ఎత్తి, కూనిరాగం తీస్తూ పాత చోటికే మోసుకెళుతోంది. మా ఊరి పెట్టెలు చేసే కిరి చెక్క అంత తేలిక. దింపి, బల్ల మీద రెండు గిన్నెలు సర్దింది. తర్వాత నడుం పట్టుకుని మూలిగింది. ఆ మూలుగు నచ్చలేదు కాబోలు, గొంతు సవరించుకుని ఇంకోటి మూలిగి చూసుకుంది.

సుగాయా ముఖం వేడెక్కింది. జాలిపడి తిండి పెడుతోందన్నమాట. వెనక్కి తిరిగాడు. ఎదురుగా తన ఇల్లు, దీపం లేకుండా. కాసేపు మంచులోనే నిలబడి, చివరికి గట్టిగా దగ్గి లోపలికి నడిచాడు.

"వచ్చారా, నా నడుం..." అని ఆవిడ మొదలుపెట్టబోయింది.

"ఇవాళ మా ఇంట్లో పనుంది," అన్నాడాయన. "మా ఆవిడ పెట్టె. పోయినప్పటి నుంచీ తెరవలేదు. నా ఒక్కడి వల్ల కావట్లేదు."

"బరువా?"

"పెట్టె తేలికేనండి."

హత్సుయే సూపు గిన్నె పట్టుకుని వెంట నడిచింది.

సుగాయా పై సొరుగు లాగాడు. కిమోనో మడతలు కనబడగానే ధైర్యం చాలక గబుక్కున తోసేశాడు. లోపలి గాలి ఒత్తిడికి కింది సొరుగు దానంతటదే బయటికొచ్చింది. బిగువుగా చేసిన పెట్టె గుణమే అంత. అది మూస్తే పైది వచ్చింది.

"మీ ఆవిడ ఊరుకునేట్టు లేదు," అంది హత్సుయే. "ఇంకోసారి ముయ్యండి. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం."

సుగాయా నవ్వుతూ మళ్లీ తోశాడు.